ముఖం కోసేసిన పోస్టర్

మా మ్యూజియంలో పద్నాలుగు పాత ప్రచార పోస్టర్లున్నాయి. వాటిని ఎలా దొరికాయో అలాగే గోడకెక్కించాలని పట్టుబట్టింది నేనే. చిరిగినచోట చిరిగినట్టు, మేకుల తుప్పు తుప్పులాగే, ఎలుక కొరికిన అంచు కొరికినట్టే ఉండాలన్నాను. ఒకదాని మీద ఎవరో వేడి టీ గిన్నె పెట్టారు. ఆ గుండ్రటి మచ్చ సరిగ్గా ట్రాక్టర్ డ్రైవర్ తల మీద పడింది. ఇంకొకదాన్ని పగిలిన కిటికీకి అడ్డం పెట్టుకున్నారు. సగం ఎండకి వెలిసిపోయింది, సగం ఎర్రగా అలాగే ఉంది. మూడోదాన్ని మేక నమిలింది. పాలదిగుబడి గురించిన నినాదమంతా దాని కడుపులోకి పోయింది.

"ఇవి పోస్టర్లా ఎజె, పేషెంట్లా?" అన్నాడు ఎమిల్.

ఎమిల్ మా డైరెక్టరు. ముప్ఫై ఒకటో ఏడు నడుస్తోంది. రాజధాని బిష్కెక్‌లో చదువుకుని రెండేళ్ళ కిందట మా ఊరు తెరెక్-సూకి వచ్చాడు. నన్ను ఎజె అంటాడు, అంటే అక్కా అని. కాగితాల మీద సంతకం చేసేటప్పుడు మాత్రం నేను అతని కింద ఉద్యోగినన్న సంగతి గుర్తొస్తుంది.

"పేషెంట్లే. డిశ్చార్జి అయిపోయినవాళ్ళు. మళ్ళీ మంచం ఎక్కించకు," అన్నాను.

అతనికి వాటన్నిటినీ రాజధానికి పంపి కడిగించాలని ఉంది. చిరుగులకి అతుకులు వేయించి, పోయిన రంగులు నింపించి, మెరిసే అద్దాల వెనక పెట్టించాలని ఉంది. నేను ముప్ఫై మూడేళ్ళుగా ఈ మ్యూజియంలో కాగితాలకి కాపలా కాస్తున్నాను. కాగితాన్ని శుభ్రం చేయడం ఆరు నెలల పాటు నేర్చుకుని వచ్చినదాన్ని. శుభ్రం చేస్తే ఏం పోతుందో నాకు తెలిసినట్టు అతనికి తెలీదు. మూడు వారాలు పోట్లాడి నెగ్గాను. ఎప్పటిలా నా నోటికి జడిసే ఒప్పుకున్నాడని నా అనుమానం.

అసలు నేనంత గొడవపడింది పదకొండో పోస్టర్ కోసం.

అది 1961 నాటిది. గొర్రెల కాపరి అమ్మాయి, తెల్లటి తలగుడ్డ, చేతుల్లో ఒక చెవి నల్లగా ఉన్న గొర్రెపిల్ల. కింద "ప్రతి గొర్రె నుంచీ నాలుగు కిలోల ఉన్ని" అని పెద్ద అక్షరాలు. వెనక కొండలు మాత్రం మావి కావు. అంత నున్నటి కొండలు ఈ జిల్లాలో ఎక్కడా లేవు. తలగుడ్డకీ కోటు కాలరుకీ మధ్య, ముఖం ఉండాల్సిన చోట, నా అరచేయి పట్టేంత కోడిగుడ్డు ఆకారపు రంధ్రం ఉంది. గోడకి తగిలిస్తే అందులోంచి సున్నం కనిపిస్తుంది.

ఆ ముఖం మా ఇంట్లో ఉంది.

నా రెండో ఏట మా అమ్మ పోయింది. వేసవిలో గొర్రెల్ని తోలుకుని కొండమీది పచ్చికకి వెళ్ళినప్పుడు ఊపిరితిత్తులకి జబ్బుచేసి మూడు రోజుల్లో పోయిందట. ఆమె గొంతు గానీ ఒంటి వాసన గానీ నాకు గుర్తు లేదు. నాకున్నది చెక్క ఫ్రేములో పెట్టిన ఆ కాగితం ముఖం ఒక్కటే. బడికి వెళ్ళేముందు దానికి చెప్పి వెళ్ళేదాన్ని. పెళ్ళినాడు ముద్దు పెట్టుకున్నాను. మా ఆయన పోయిన ఏడాది, దాన్ని గోడ నుంచి తీసి పక్కనే పెట్టుకుని పడుకున్నాను. సిగ్గేముంది, చెబుతున్నాను.

మా నాన్న ఇషేనాలి ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ బొమ్మ గురించి ఆయన నాతో అన్నవి రెండే మాటలు. చిన్నప్పుడు వేలు పెట్టి చూపిస్తే "మీ అమ్మ" అన్నాడు. ఇంకోసారెప్పుడో, నేను పుట్టకముందు ఒక వేసవిలో రాజధాని నుంచి చిత్రకారుడొకడు పచ్చిక మీదకి వచ్చి బొమ్మలు గీసుకున్నాడని చెప్పాడు. ఆ రెండు మాటల్నీ కలిపి కుట్టుకున్నది నేనే. మా నాయనమ్మని అడిగితే మాత్రం "కనుబొమలు మీ అమ్మవే" అనేది. అని, పొయ్యి వైపు తిరిగిపోయేది. మిగతా ముఖం సంగతేమిటని నేనెప్పుడూ అడగలేదు. ఎందుకడగలేదో ఇప్పుడాలోచిస్తే తెలియడం లేదు.

అదే ముఖం అమ్మ సమాధి మీద కూడా ఉంది. మా నాన్న ఆ కాగితాన్ని ఫొటోగ్రాఫరుకిచ్చి పింగాణీ బిళ్ళ మీదకి ఎక్కించి, ఇనప దిమ్మెకి రెండు స్క్రూలతో బిగించాడు.

మొన్న ఫిబ్రవరిలో పై ఊరు ఛోన్-తాష్ నుంచి ఒక కుటుంబం నగరానికి మారిపోతూ పాత చెక్కపెట్టెని మ్యూజియానికిచ్చింది. మూత ఎత్తి చూస్తే లోపలివైపు ఈ పోస్టర్ అంటించి ఉంది, ముఖం లేకుండా. ఆ రంధ్రం ఆకారం నేను రోజూ చూసేదే. పోస్టర్‌ని మూత నుంచి మెల్లగా ఊడదీశాను. మర్నాడు ఇంటి నుంచి ఫ్రేము తెచ్చి, కాగితాన్ని బయటికి తీసి ఆ రంధ్రంలో పెట్టాను. తలగుడ్డ మడత అటు నుంచి ఇటు కలిసింది. గడ్డం దగ్గర చిన్న చిరుగు చిరుగుతో కలిసింది.

అమ్మకి ఒళ్ళు దొరికింది, సంతోషించు అనొచ్చు ఎవరైనా. నాకు మాత్రం లెక్క కుదరలేదు. ఆ పెట్టె మాది కాదు. ఆ కుటుంబం ఎవరో నాకు తెలీదు. మా అమ్మ బొమ్మ వాళ్ళ పెట్టెలో ఎందుకుంటుంది? మా నాన్న పరాయివాళ్ళ పెట్టె మూత తెరిచి దాని ముఖం ఎలా కోసుకొస్తాడు? వాళ్ళు చూస్తూ ఊరుకున్నారా? అడగడానికి నాన్న లేడు, నాయనమ్మ లేదు. కాగితాన్ని మళ్ళీ ఫ్రేములో పెట్టేసి ఇంటికి తీసుకుపోయాను.

"ముఖం మీ దగ్గరే ఉందిగా. కాస్త పిండి జిగురు పెట్టి అతికించేస్తే సరిపోతుంది," అన్నాడు ఎమిల్.

"అది మా అమ్మ."

"ఇదీ మీ అమ్మేగా. తల ఇంట్లో, మొండెం ఆఫీసులో. ఇదేమన్నా బాగుందా?"

ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు. సాయంత్రం బిస్కెట్లు తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. మంచివాడే, నోటికి ముందు వెనకలు తెలీవు అంతే.

అతను ఊరుకునే రకం కాదు. రాజధానిలో తన స్నేహితుల్ని పట్టుకుని, అక్కడి గ్రంథాలయంలో అదే పోస్టర్ చెక్కుచెదరకుండా ఇంకొకటి ఉందని కనుక్కున్నాడు. ఫొటో తెప్పించుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"చూడండి ఎజె. మీ అమ్మగారిది మీరివ్వకపోతే మానెయ్యండి. దీన్ని ప్రింటు తీసి రంధ్రం వెనక పెట్టేద్దాం."

ఫోను అందుకుని చూశాను. అమ్మే. తలగుడ్డతో, కోటుతో, గొర్రెపిల్లతో, పూర్తి మనిషి. చూస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఎక్కడో ఏదో తేడా. ఈమె కనుబొమలు సన్నగా, ఎడంగా ఉన్నాయి. మా ఇంట్లో బొమ్మకి కుడిదైతే బాగా ఒత్తుగా ఉంటుంది. పెదవి కింద మా బొమ్మకున్న చుక్క దీనికి లేదు.

"ముద్రణలో అలాంటి తేడాలొస్తాయిలెండి. లేదంటే మీదాని మీద పొగచూరి ఉంటుంది," అన్నాడు ఎమిల్.

అదీ నిజమే కావచ్చు. అది మసి అనే నేనూ అనుకున్నాను. 1990లో పని నేర్చుకుని ఇంటికొచ్చిన కొత్తలో, చేతులు ఊరుకోక ఆ బొమ్మని శుభ్రం చేద్దామని కూర్చున్నాను. మెత్తటి రొట్టె ముక్కతో ఎడమ కనుబొమ మీద రుద్దాను. నల్లటిది కొంత ఊడి వచ్చింది. ఎందుకో భయమేసి ఆపేశాను. అప్పటి నుంచి అమ్మకి కుడి కనుబొమ ఒత్తుగా, ఎడమది పలచగా ఉంటుంది. అంతకాలం చూసి చూసి ఆ తేడా కూడా నాకు అమ్మలాగే అనిపించేది.

"ఇంకోటి కూడా పంపారు," అంటూ ఎమిల్ తెరని పక్కకి జరిపాడు. పోస్టర్‌తో పాటు దాచిన పాత కార్డు. చిత్రకారుడి పేరు, సంవత్సరం, దాని కింద సిరాతో ఒక వరుస. "బొమ్మకి కూర్చున్నది: గొర్రెల కాపరి జూరాకాన్, బెక్తెమిర్ కూతురు, 22 ఏళ్ళు."

మా అమ్మ పేరు ఉమ్సున్.

ఆ వరుసని ఎన్నిసార్లు చదివానో. ఎమిల్ ముఖంలో నవ్వు పోయింది. "కార్డుల్లో తప్పులుంటాయి ఎజె," అన్నాడు మెల్లగా. ఉంటాయి, నేనే బోలెడు చూశాను. కానీ తప్పు రాసేవాడు ఊరి పేరు తప్పు రాస్తాడు, ఏడాది తప్పు రాస్తాడు. తండ్రి పేరుతో సహా ఒక మనిషిని పుట్టించడు.

ఆ రెండు మూడు రోజులు నేనెలా ఉన్నానో నాకే తెలీదు. రిజిస్టరులో ఒకే వస్తువుని రెండుసార్లు రాశాను. టీలో ఉప్పు వేశానో లేదో తెలీక మళ్ళీ వేశాను. ఇంట్లో ఆ బొమ్మ ముందు నిలబడితే ఏమని పిలవాలో తెలియలేదు. యాభై తొమ్మిదేళ్ళ దాన్ని, ఎవరో పరాయి ఆడదానికి ఇన్నాళ్ళూ నా కష్టసుఖాలు చెప్పుకున్నానా? మరి మా నాన్న "మీ అమ్మ" అని ఎందుకన్నాడు? నాయనమ్మ ఎందుకు తందానా అంది?

తర్వాత కోపం వచ్చింది. నాన్నకి ఆ జూరాకాన్ మీద మనసుండేదేమో. ఆమె బొమ్మని ఎక్కడి నుంచో సంపాదించి, చచ్చిపోయిన పెళ్ళాం పేరు చెప్పి ఇంట్లో పెట్టుకున్నాడేమో. ఆ తర్వాత పెళ్ళి చేసుకోకపోవడానికి కారణం అమ్మ కాదేమో. అమ్మ సమాధి మీద ఇంకో ఆడదాని ముఖం బిగించి, ఏటేటా నా చేత దానికి దణ్ణం పెట్టించాడు. ఇంతకంటే అవమానం ఉంటుందా ఎవరికైనా?

మంగళవారం మధ్యాహ్నం స్క్రూడ్రైవర్ పట్టుకుని సమాధుల దగ్గరికి వెళ్ళాను. ఆ బిళ్ళ ఊడదీసేద్దామనే. ఖాళీగా ఉన్నా ఫరవాలేదు, అమ్మది కాని ముఖం అమ్మ మీద ఉండకూడదు. కింది స్క్రూ తేలిగ్గానే వచ్చింది. పైది తుప్పు పట్టి కదల్లేదు. అంత దగ్గరగా కూర్చుని చూస్తే, పింగాణీ మీద రెండు కనుబొమలూ ఒత్తుగా ఉన్నాయి. మధ్యలో కలిసిపోయి ఉన్నాయి. పెదవి కింద చుక్క స్పష్టంగా ఉంది. ఫోనులో ఉన్న ముఖం అది కాదు. అలాగని కాకుండానూ పోలేదు. ఏం చేయాలో తోచక, ఊడిన స్క్రూని కోటు జేబులో వేసుకుని వచ్చేశాను.

దారిలో ఛోన్-తాష్‌కి కారు నడిపే కాలిల్ కనిపించాడు. "ఆ పెట్టె ఇచ్చినవాళ్ళలో జూరాకాన్ అని ఒకావిడ ఉండేదేమో కనుక్కో. ఎప్పుడు పోయిందో కూడా అడుగు," అన్నాను.

గురువారం పది గంటలకి కాలిల్ కారు మ్యూజియం ముందు ఆగింది. ముందు సీట్లోంచి ఒక ముసలావిడ దిగింది. పొట్టిగా ఉంది, తెల్లటి తలగుడ్డ, ఉన్ని బూట్ల మీద రబ్బరు చెప్పులు, చేతిలో కర్ర.

"పోయిందేమో అడగమన్నారు కదా ఎజె. ఈవిణ్ణే అడగండి," అని కాలిల్ కారెక్కి వెళ్ళిపోయాడు.

ముసలావిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. నుదుటి దగ్గర ఎక్కువసేపు చూసిందనిపించింది.

"నేనెప్పుడు చచ్చానని అడిగింది నువ్వేనటే?"

"తప్పైపోయింది అపా. లోపలికి రండి, టీ తాగుదురు గాని," అన్నాను. పెద్దావిడల్ని మేం అపా అనే పిలుస్తాం.

"టీ ఎక్కడికి పోదులే. ముందు ఆ బొమ్మలు చూపించు. నేను ఊరొదల్లేదు గాని మావాళ్ళు పోతూ పెట్టె ఇచ్చేశారు, మూతకంటించిన కాగితం నాదని ఒక్కడూ అనుకోలేదు."

గోడ పక్కనే కర్ర తాటించుకుంటూ నడిచింది. మేక నమిలిన పోస్టర్ దగ్గర ఆగి, "ఈ మేకకి బుద్ధుంది, రాతలన్నీ తిని ఆవుని వదిలేసింది," అంది. ఎమిల్ నవ్వాపుకోలేక కిటికీ దగ్గరికి పోయాడు. పదకొండోదాని ముందుకి రాగానే ఆవిడ కర్రని గోడకి ఆనించింది. రంధ్రం అంచు మీద వేలు పెట్టి మెల్లగా చుట్టూ తిప్పింది. గడ్డం దగ్గర చిరుగు మీద వేలు ఆగింది.

"కత్తెర మొద్దుబారిపోయి ఉండింది. ఉన్ని కత్తెర మరి. ఇక్కడ చిరిగిపోయింది, అప్పుడే అనుకున్నాను."

"మీరు కోశారా?"

"మరి నా ముఖం నేను కాక ఇంకెవరు కోస్తారే?"

నాకు మళ్ళీ మొదటికొచ్చింది. ఆమె ముఖం అని ఆమే చెబుతోంది. ఆమే కోసింది. మరి మా ఇంటికెలా వచ్చింది? కుర్చీ లాగి ఆవిణ్ణి కూర్చోబెట్టి, ఎదురుగా నేల మీదే కూర్చున్నాను. మర్యాద గుర్తు రాలేదు.

"అపా, నేను ఇషేనాలి కూతుర్ని. బత్మా అంటారు."

ఆ పేరు వినగానే ఆవిడ చేయడ్డం పెట్టింది. "తెలుసు. ఆయన పేరు నా ముందు అనకు. మా ఆయనకి పెద్దన్నయ్య వరస. బూడిదరంగు గుర్రపాయన అంటాం మేం."

కోడలిగా వచ్చిన మనిషి ఎనభై నాలుగేళ్ళకి కూడా బావగారి పేరు వినడానికి ఒప్పుకోవడం లేదు. అంటే మా బంధువే. నాన్న గురించి నేననుకున్నదంతా గుర్తొచ్చి మొహం వేడెక్కింది. అయినా అడిగేశాను.

"ఆయనకి మీ బొమ్మెందుకు?"

"ఆయనకెందుకే? నీక్కావాలి."

ఎమిల్ టీ, నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టె ముక్కలు తెచ్చాడు. ఆవిడ బోర్సోక్ ముక్క టీలో ముంచి, నాననిచ్చి, తిన్నాక మొదలుపెట్టింది.

"మీ అమ్మా నేనూ ఆ వేసవిలో పక్క పక్క గుడారాల్లో ఉన్నాం. ఉమ్సున్ పోయింది. నలభయ్యో రోజు భోజనాలు పెట్టారు. సమాధికి బిళ్ళ చేయించాలి, ఫొటో లేదు. బూడిదరంగు గుర్రపాయన గుడారం గుడారానికీ తిరిగాడు, మీ దగ్గరేమైనా ఉందా, గుంపులో ఎక్కడైనా పడిందా అని. ఎక్కడిది? పెళ్ళికి ఒకడొచ్చి తీశాడట, ఫిల్ము పాడైపోయింది. నువ్వేమో తెల్ల తలగుడ్డ కనబడితే చాలు, వెనకపడేదానివి. నాలుగు రోజులు నా కోటంచు వదల్లేదు. పాలు పిండనిచ్చావా నన్ను? ఆవు తన్నింది కూడా, ఇదిగో ఇక్కడ."

మోకాలి కింద చూపించింది.

"ఒకరోజు ఆయన మా గుడారంలో కూర్చున్నాడు. పక్కనే మీ నాయనమ్మ. నిన్ను తీసుకుపోవడానికి వచ్చారు. పెట్టె మూత తెరిచి ఉంది. నువ్వెళ్ళి ఆ కాగితం మీద చెయ్యేసి అమ్మ అన్నావు. ఆ వయసు పిల్లలు గుర్రాన్ని కూడా అమ్మంటారు. కానీ ఆయన ఏడ్చేశాడు. మగాడు, ముప్ఫై ఏళ్ళవాడు, మా అత్తగారి ముందు. మేం ఎటు చూడాలో తెలీక కూర్చున్నాం."

"మీరు ఇచ్చేశారా?"

"మా అత్తగారు గోల పెట్టింది. బతికున్నదాని ముఖం సమాధి మీద పెడతారా, అరిష్టం అని. నేనన్నాను, ఆ పిల్లకి అమ్మ ముఖం లేదు అత్తా, నాదంటారా, నాతోనే ఉందిగా అని. కత్తెర తీసుకుని కోసేశాను. ఇరవై ఏడేళ్ళదాన్ని. అప్పుడు భయం ఏముంటుంది?"

నేను ఏడుస్తున్నానని ఎమిల్ రుమాలు ఇచ్చినప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ నేను కష్టసుఖాలు చెప్పుకున్నది పరాయి ఆడదానికే. ఆ పరాయి ఆడది నా ఎదురుగా బోర్సోక్ తింటోంది.

"తర్వాత భయమేయలేదా అపా?" అన్నాడు ఎమిల్.

"మొదట్లో జ్వరమొస్తే వేసేది. ఇప్పుడర్థమైంది. ప్రాణాలు తీసుకుపోయే అజ్రాయిల్ ఎప్పుడో నాకోసం వచ్చి ఉంటాడు. దారిలో ఆ బిళ్ళ చూసుకుని, ఈమె పని అయిపోయిందిలే అనుకుని వెనక్కి పోయాడు. లేకపోతే ఎనభై నాలుగేళ్ళు ఎవరుండమన్నారు నన్ను?"

జేబులోంచి స్క్రూ తీసి చూపించాను. ఏం చేయబోయానో, నాన్న గురించి ఏమేం అనుకున్నానో అంతా చెప్పాను. ఆవిడ స్క్రూని వెలుతురులో పట్టుకుని చూసి తిరిగి నా చేతిలో పెట్టింది.

"రేపెళ్ళి బిగించెయ్. ఇన్నేళ్ళు ఇద్దరం కలిసి ఉన్నాం, ఇప్పుడు వేరుకాపురం దేనికి?"

"కానీ అపా, అది మా అమ్మ కాదు కదా."

"ఎవరన్నారు కాదని? ఏదీ, ఆ బొమ్మ తీసుకురా."

ఇల్లు రెండు వీధుల అవతలే. పరుగులాంటి నడకతో వెళ్ళి ఫ్రేము తెచ్చాను. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని వంగి చూసింది.

"కోసి ఇచ్చానా, మీ నాయనమ్మ చూసి, ఇది ఉమ్సున్ కాదు అంది. నిజమే మరి, నేను కదా. అప్పుడాయన గొర్రెల లెక్కకి చెక్క మీద గుర్తులు పెట్టే పెన్సిల్ తీశాడు. ఉమ్సున్ కనుబొమలు ఒత్తు, మధ్యలో కలిసిపోయేవి అని నేను చెప్పాను. పెదవి కింద ఎడమవైపు పుట్టుమచ్చ అని మీ నాయనమ్మ చెప్పింది. ఇంకాస్త పైకి అని మా అత్తగారంది, అంత గోల పెట్టిన మనిషి. మేం చెబుతుంటే ఆయన గీశాడు. చాలాసేపు గీశాడు. అయ్యాక నలుగురం చూశాం. ఆ కనుబొమల కింద నుంచి ఉమ్సున్ చూసింది, అబద్ధం చెప్పను."

నాయనమ్మ పొయ్యి వైపు తిరుగుతూ అన్న మాట అప్పుడు నా చెవిలో మళ్ళీ వినిపించింది. ఆవిడ నాతో ఒక్క అబద్ధమూ చెప్పలేదు.

"మరి ఇదేంటే," అంది జూరాకాన్ అపా, గోటితో అద్దం మీద తట్టి. "ఎడమ కనుబొమ ఏమైంది? సగం లేదు."

రొట్టె ముక్క, నా పనితనం, మసి అనుకోవడం, అంతా చెప్పాను. ఈ లోకంలో మా అమ్మవి అని చెప్పుకోదగ్గవి ఆ నాలుగు పెన్సిల్ గీతలే. అందులో ఒకదాన్ని నా చేత్తో నేనే తుడిచేశాను. ఎవరి పోస్టర్లనో ముట్టుకోవద్దని మూడు వారాలు పోట్లాడినదాన్ని.

ఆవిడ తిట్టలేదు. ఓదార్చనూ లేదు. "పెన్సిలుందా?" అని అడిగింది.

ఎమిల్ నా వైపు చూశాడు. "ఎజె, ఎలా ఉన్నది అలాగే ఉండాలన్నారు కదా మీరు," అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు. ఏది అలా ఉండటమో, ఏది చెరపడమో నాకూ తెలియడం మానేసింది. రంధ్రాన్ని పూడ్చొద్దు అని మాత్రం తెలుసు. ఆ కోత ఆవిడ చేసింది, అది అలాగే గోడ మీద ఉండాలి. ఈ కనుబొమ గురించి ఎవరిని అడగను?

నా బల్ల సొరుగులోంచి మెత్తటి పెన్సిల్ తీసి ఇచ్చాను. ఫ్రేము వెనక రేకులు విప్పి కాగితాన్ని బయటికి తీసి ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ పెన్సిల్ మొనని నాలుకతో తడుపుకుని వంగింది. మొదటి గీత వేసి తల ఎత్తింది.

"సరిగ్గా వచ్చిందా? నాకీ మధ్య దగ్గరివి కనబడటం లేదు."

"నాకేం తెలుసు అపా. నేనామెని చూళ్ళేదు కదా."

ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. నా గడ్డం పట్టుకుని ముఖాన్ని కిటికీ వైపు తిప్పింది. కళ్ళద్దాలు పైకి జరుపుకుని నా ఎడమ కనుబొమని, అది మధ్యలో కలిసే చోటిని నిదానంగా చూసింది.

"కదలకు," అని చెప్పి, నా వైపు చూస్తూ రెండో గీత గీసింది.